ఒప్పించు మాట

సభలో చక్కగా మాటలాడుట వేరు. సభను ఒప్పించుట వేరు. మొదటిదానికి ఫలము చప్పట్లు. రెండవదాని ఫలము మరునాటి ఉదయమునగాని తెలియదు. నిన్నటి సభలో తల యూపిన మనుష్యుడు నేడు తన పొలములో, తన యింట, తన సంఘములో వేరుగా నడచుకొన్నచో ఆ ఉపన్యాసము ఒప్పించినట్లు, లేనిచో వినోదపరచినట్లు. ఈ భేదమును పట్టించుకొనకయే మన సభలలో పెక్కు ఉపన్యాసములు జరిగిపోవుచున్నవి. పదిమంది యెదుట నిలిచి, ఒక మాట చెప్పి, ఒక పని జరిపించుకొనవలసిన అవసరము నాయకులకు మాత్రమే కలదా? బడిలో తల్లిదండ్రుల సమావేశమునకు వచ్చిన గృహిణికిని, పాల సంఘములోని సభ్యునకును, గ్రామసభలో లేచి నిలుచు రైతునకును కలదు. ముఖ్యముగా వారిని ఉద్దేశించియే మేము ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాట గాలిలో తేలిపోకుండుటకు ఒక ఊరిని ఉదాహరణముగా పెట్టుకొందము. తిరుపతి నుండి పుత్తూరునకు పోవు దారిలో వడమాలపేట కలదు. అప్పలాయగుంట ప్రసన్న వేంకటేశ్వరస్వామి ఆలయము ఈ మండలములోనిదే. ఈ సీమ ప్రజలకు వాక్కు బలమెట్టిదో పరులు వచ్చి నేర్పనక్కరలేదు. చిత్తూరు సీమలో ధర్మరాజుల గుడి యున్న ఊళ్లలో వేసవియందు భారతము పెట్టుట ఆచారము. పగలు భాగవతారు హరికథగా భారతము చెప్పును. రాత్రి అదే ఘట్టమును వీథినాటకముగా ఆడుదురు. కడపటి దినమున దుర్యోధన వధ, అగ్నిగుండము. ముందే తెలిసిన కథను జనము ఎండవేళ పందిరి క్రింద గుమిగూడి పదునెనిమిది దినములు విందురు. కథ తెలియును, ముగింపు తెలియును, అయినను విందురు. వక్త కావలెనని కోరువాడు ఏ గ్రంథమును తెరువకముందే ఆ పందిరిలో ఒక మధ్యాహ్నము కూర్చుండుట మంచిదని మా అభిప్రాయము.

అక్కడ అతడు ఏమి చూచును? మంచి భాగవతారు కన్నులు ఎప్పుడును జనము మీదనే యుండును. ముందు వరుసలోని ముసలివానికి కునుకు పట్టగానే తాళము హెచ్చును, లేదా కథ ఆగి ఒక పిట్టకథ వచ్చును. తెలుగును తమిళమును కలిసి మెలసియుండు సరిహద్దు సీమ గనుక, అవసరమైనచోట ఒక తమిళపు మాట నిస్సంకోచముగా దొర్లును. పాండవుల అరణ్యవాసమును చెప్పుచు ఆ యేటి కరవును గుర్తుచేయును. ఇవి అలంకారములని కొందరు తలంతురు. మేము అట్లు తలపము. వినువాడు ఎక్కడ నున్నాడో అక్కడకు వక్త వెళ్లి, అతని చేయి పట్టుకొని నడిపించుకొని వచ్చుటయే ఆ పనులన్నిటిలోని ఆంతర్యము. వక్త తానున్నచోటనే నిలిచి “రండు రండు” అని పిలిచినంత మాత్రమున ఎవరును రారు.

ఆ భారతములోనే ఒప్పించు విద్యకు గొప్ప పాఠమొకటి కలదు. అది శ్రీకృష్ణ రాయబారము. రంగస్థలము మీద ఈ ఘట్టమును తిరుపతి వేంకట కవుల నాటకములు ఆంధ్రదేశమంతటను ఇంటింటి మాట చేసినవి. పద్యముల మాధుర్యమున పడి మనము దానిలోని ఉపన్యాస నిర్మాణమును అంతగా గమనింపము. వ్యాసుని ఉద్యోగపర్వములో శ్రీకృష్ణుడు కౌరవసభలో లేచి మొదట మాటలాడినది దుర్యోధనునితో కాదు, ధృతరాష్ట్రునితో. సంధిని చెరుపుచున్నవాడు కుమారుడు. ఆపగల అధికారము తండ్రిది. తండ్రితోనైనను “నీవు అన్యాయము చేసితివి” అని ఆరంభింపలేదు. కురువంశము విద్యకును నడవడికిని పేరెన్నిక గన్నదని మొదట చెప్పెను. పాండవులు నీకు రక్షకులుగా నిలిచినచో దేవేంద్రుడైనను నీ జోలికి రాజాలడని తరువాత చెప్పెను. వృద్ధుడైన ఆ రాజు కోరునది తన కుమారుల క్షేమము, తన వంశపు ప్రతిష్ఠ. ఆ రెండింటికిని సంధియే దారియని చూపిన పిమ్మటనే ధర్మాధర్మముల ప్రసంగము వచ్చెను.

దుర్యోధనుడు ఒప్పుకొనలేదు. మరి రాయబారము విఫలమైనదా? దుర్యోధనుడు ఒప్పుకొనడని తనకు తెలియునని శ్రీకృష్ణుడు క్రిందటి రాత్రియే విదురునితో చెప్పియుండెను; ఆపగలిగియు ఆపలేదను మాట లోకములో ఉండరాదని తాను వచ్చినట్లును చెప్పెను. ఆ సభలో భీష్ముడు, ద్రోణుడు, విదురుడు ఆయన పక్షమున మాటలాడిరి. గాంధారిని సభకు పిలిపించి కుమారునకు బుద్ధి చెప్పించిరి. దుర్యోధనుడు సభలో ఒంటరియైనాడు. కావున వక్త లేచుటకు పూర్వము వేసికొనవలసిన ప్రశ్న “నేను ఏమి చెప్పవలెను?” అనునది కాదు. “ఈ సభలో నేను ఎవరిని ఒప్పింపవలెను? ఎవరు ఒప్పుకొన్నచో పని జరుగును?” అనునది. గట్టిగా అడ్డము తిరిగియున్న ఒక్కనితో వాదించుచు గడియలు గడపి, ఇటో అటో తేల్చుకొనలేక వెనుక కూర్చున్న నలువదిమందిని విడిచిపెట్టు వక్తలను మేము ఎందరినో చూచితిమి. వారు చూచి మాటలాడవలసినది ఆ నలువదిమందినే.

మన అలంకారికులు ఉపదేశము మూడు విధములనిరి. ప్రభువు ఆజ్ఞాపించినట్లు చెప్పునది ప్రభుసమ్మితము, వేదవాక్యము అట్టిది. మిత్రుడు మంచిచెడులు వివరించినట్లు చెప్పునది మిత్రసమ్మితము; పురాణములు అట్టివి. ప్రియురాలు మనసు కరగించి తన వైపు త్రిప్పుకొనునట్లు చెప్పునది కాంతాసమ్మితము, కావ్యము అట్టిది. మమ్మటుడు కావ్యప్రకాశములోను, ఓరుగల్లు విద్యానాథుడు ప్రతాపరుద్రీయములోను ఈ విభాగమును కావ్యప్రయోజనమును నిరూపించుటకు వాడుకొనిరి. సభలో మాటలాడువానికి సయితము ఇది మంచి కొలబద్ద. మన సభావక్తలలో నూటికి తొంబదిమంది తమకు లేని ప్రభుత్వమును తెచ్చిపెట్టుకొని ప్రభుసమ్మితముగా మాటలాడుదురు. “ప్రజలు మేలుకొనవలెను”, “రైతులు మారవలెను”, “యువకులు ముందుకు రావలెను” అను వాక్యములు ఎంత ఘనముగా ఉచ్చరించినను ఆజ్ఞలే. ఆజ్ఞకు వెనుక దండము లేనప్పుడు వినువాడు దానిని పొగడి మరచిపోవును.

ఈ మాట ఊహ కాదు. భూగర్భజలము విషయమై చిత్తూరు సీమకు ఇట్టి అనుభవమున్నది. నదీకాలువలు లేని ఈ మెట్టసీమలో చెరువు, బావి, బోరు ఇవే సేద్యమునకు ఆధారము. బోర్లు హెచ్చినకొలది నీరు లోతునకు దిగును. నీరు దిగినకొలది రైతు మరింత లోతుగా, మరింత అప్పుతో బోరు వేయును. 2002లో ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, వృక్ష పరిరక్షణ చట్టము వచ్చినది; క్రొత్తగా బావి త్రవ్వవలెనన్నచో అనుమతి పొందవలెనని నిర్దేశించినది. చట్టము అవసరమే. కాని పంట కండ్లయెదుట ఎండిపోవుచున్నవానికి చట్టము దూరముననున్న ప్రభువు మాట. రాత్రికి రాత్రి బోరు లారీ వచ్చిపోవును.

ఆ దశాబ్దములోనే మరియొక ప్రయత్నము జరిగినది. నెదర్లాండ్స్ ప్రభుత్వ సహాయముతోను, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యవమునను, రైతులే భూగర్భజలమును చూచుకొను పథకమొకటి చిత్తూరుతో సహా ఏడు జిల్లాలలో, ఆరువందలకు పైబడిన పల్లెలలో నడచినది. అనంతపురము, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబ్‌నగర్, నల్లగొండ తక్కిన జిల్లాలు. అందులో బోరు వేయవద్దని ఎవరును ఎవరికిని చెప్పలేదు. ఊరిలోని స్త్రీపురుషులు కొందరు వానకొలత పాత్రను చూచుట నేర్చుకొనిరి. పదునైదు దినములకొకమారు ఎంచిన బావులలో నీటిమట్టము కొలిచి, ఆ అంకెలను ఊరి నడుమ బోర్డుమీద వ్రాసిరి. వానకాలము ముగిసి రెండవ పంట వేయబోవు ముందు ఊరంతయు కూర్చుండి, నేలలో ఎంత నీరు చేరినది, వేయదలచిన పంటలకు ఎంత కావలెనని లెక్క కట్టిరి. సంసారి నెల మొదట ఆదాయవ్యయములు చూచుకొన్నట్లే నీటికిని పద్దు వ్రాసిరన్నమాట. లెక్క చూచిన పిదప ఎవడు ఏ పంట వేయవలెనన్నది ఆ రైతు ఇష్టము. అయినను పలు పల్లెలలో వరి విస్తీర్ణము తగ్గినది. తక్కువ నీటితో పండు పంటలు హెచ్చినవి. ఆజ్ఞ లేదు, దండము లేదు, సబ్సిడీ ఆశ లేదు. తమ చేతితో తాము కొలిచిన అంకె మాత్రము కలదు. మనుష్యునకు పరుల నోట విన్న నూరు మాటలకంటె తాను కనుగొన్న ఒక్క సంగతి మీద గురి యెక్కువ. సభను ఒప్పింపగోరువాడు తన మాటను శ్రోత స్వయముగా కనుగొన్నాడనిపించునట్లు చెప్పవలెననుటకు ఇంతకంటె పెద్ద నిదర్శనము మాకు కనబడదు.

ఇప్పుడు వడమాలపేట మండలములోని ఒక గ్రామసభలో ఒక రైతు ఈ విషయమునే చెప్పుటకు లేచినాడనుకొందము. అతడు సాధారణముగా ఎట్లు చెప్పును? “నీరు ప్రాణాధారము. మన పూర్వులు చెరువులు త్రవ్వించిరి. మనము స్వార్థముతో బోర్లు వేసి భూమాత గర్భమును ఖాళీ చేయుచున్నాము. ఇకనైనను కన్ను తెరువవలెను.” ఇందులో అబద్ధమొక్కటియు లేదు. అయినను నిన్ననే బోరు వేసినవాడు సభలో నున్నాడు కదా. అతని చెవికి ఇందులో వినబడినది ఒకే మాట, స్వార్థము. అంతటితో అతని మనసు తలుపు మూసికొనినది. అతని బావమరదులు, చుట్టములు అతనితోపాటు మూసికొనిరి.

మన తర్కశాస్త్రమును చదివినవారు ఇట్లు చేయరు. వారి పద్ధతిలో మొదట పూర్వపక్షము, తరువాత సిద్ధాంతము. పూర్వపక్షమనగా ఎదుటివాని వాదము. దానిని ఖండించుటకు వీలుగా కుదించి, వక్రించి చెప్పుట కాదు, ఎదుటివాడే విని “ఔను, నా మాటయే, నాకంటె బాగుగా చెప్పినావు” అనునట్లు నిండుగా చెప్పుట. మన రైతు ఇట్లు ఆరంభించెననుకొనుడు: “అన్నా, బోరు వెయ్యొద్దని చెప్పేదానికి లేచినాడు వీడు అనుకుంటా వుండారు మీరు. పెట్టిన పెట్టుబడి నేలపాలైపోతా వుంటే, మామిడిచెట్లు కండ్లముందరే ఎండిపోతా వుంటే, బోరు వెయ్యక ఇంకేం చేస్తాడు ఎవడైనా? నేనైనా అదే చేస్తాను.” ఈ నాలుగు మాటలతో బోరు వేసినవాడు ముందునకు వంగి కూర్చుండును. తన బాధ తెలిసినవాడు ఏదో చెప్పబోవుచున్నాడని అతనికి తోచును. అటుపిమ్మట “అయితే ఒక లెక్క చూస్తాము రాండి” అనినచో ఆ లెక్క అతని లెక్క యగును.

ఆ లెక్కను ఎట్లు నడుపవలెను? దీనికిని మన నైయాయికుల పంచావయవ వాక్యము చక్కని అచ్చు. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము. కొండమీద నిప్పు కలదు. పొగ కలదు గనుక. పొగ యున్నచోట నిప్పుండును, వంటయింటివలె. ఈ కొండయు అట్టిదే. కావున నిప్పు కలదు. బడిలో ఇది వల్లెవేసినవారు సయితము సభలో మరచిపోవునది నాలుగవది, ఉపనయము. ఉదాహరణము చెప్పుదురు, వెంటనే తీర్మానమునకు దుముకుదురు. ఆ ఉదాహరణము ఈ ఊరికి, ఈ సభకు, ఈ యేటికి ఎట్లు వర్తించునో చెప్పరు. ఇజ్రాయేలు దేశములో బొట్టుబొట్టుగా నీరు పెట్టి బంగారము పండించుచున్నారని చెప్పినచో మన రైతు ఆశ్చర్యపడును, అంతే. చెరువు క్రింద రెండు బోర్లు దగ్గరదగ్గరగా నున్నచోట, క్రింది బోరు ఆడించినపుడు పై బోరులో ధార సన్నగిల్లుటను అతడు చూచియుండును. దానిని గుర్తుచేసి, “మన బోర్లన్నీ ఇంతే, ఒకే కుండలో వేసిన గొట్టాలు” అనినచో అదియే ఉపనయము. ఇజ్రాయేలును ఆ తరువాత తెచ్చినను చెరుపులేదు, తేకున్నను లోటులేదు.

పూర్వపక్షమును గౌరవించుట ఎంత శక్తిగల సాధనమో ఈ సీమకు చెందిన ఒక మహావక్త జీవితములోనే చూడవచ్చును. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో తిరుత్తణిలో జన్మించిరి. ఆ ఊరు అటుపిమ్మట పెక్కేండ్లు చిత్తూరు జిల్లాలో నుండి, సరిహద్దు సర్దుబాటు ఫలితముగా 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రమున చేరినది. తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాలలో, వేలూరులో, మద్రాసు క్రైస్తవ కళాశాలలో ఆయన చదివిరి. వేదాంతములో నీతికి తావు లేదని క్రైస్తవ మతప్రచారకులు చేయుచుండిన విమర్శ ఆ విద్యార్థిని కలవరపెట్టినది. ఆయన కోపగింపలేదు, తోసిపుచ్చలేదు. ఆ విమర్శనే ప్రశ్నగా స్వీకరించి, 1908లో వేదాంతములోని నీతిశాస్త్రమును గూర్చి ఎం.ఏ. పరీక్షకు వ్యాసము వ్రాసిరి. ఆయన గురువు హాగ్ దొర తానే క్రైస్తవ మతాచార్యుడై యుండియు ఆ వ్యాసమును మెచ్చుకొనిరి. 1926లో ఆక్స్‌ఫర్డులో హిందూ జీవన దృష్టిని గూర్చి ఉపన్యసించునాటికి ఈ పద్ధతి ఆయనకు స్వభావమైనది. ఆంగ్లేయ శ్రోతల సందేహములను వారి పరిభాషలోనే వారికంటె స్పష్టముగా చెప్పి, ఆ పరిభాషలోనే సమాధానమిచ్చుట ఆయన విజయ రహస్యము. మాటల ధార అందరును మెచ్చుకొనినదే. ధార క్రింద నున్న రాతికట్టు ఇది.

ఆయనకు జరిగిన కఠిన పరీక్ష 1947 ఆగస్టు 14వ తేదీ రాత్రిది. రాజ్యాంగ సభలో నెహ్రూ ప్రతిజ్ఞా తీర్మానమును ప్రతిపాదించిరి. చౌధురీ ఖలీకుజ్జమా బలపరచిరి. తరువాత రాధాకృష్ణన్ లేచిరి. సరిగా పండ్రెండు గంటలకు సభ్యులు ప్రతిజ్ఞ చేయవలెను గనుక, అంతవరకు మాటలాడి ఆ క్షణమునకు ముగింపవలసిన భారము ఆయనది. ఉత్సవపు రాత్రి, ఏమి చెప్పినను చప్పట్లు దొరకును. ఆయన మన జాతి లోపములే పరులకు విజయములైనవని జ్ఞాపకము చేసిరి. ఇకమీదట తప్పును బ్రిటిషువారి మీదికి నెట్టుటకు వీలులేదనిరి. ఉన్నత స్థానములలోని అవినీతి, బంధుప్రీతి, అధికార వ్యామోహము, నల్లబజారు వీనిని పెకలింపక పరిపాలన చక్కబడదని హెచ్చరించిరి. ఎవరును నొచ్చుకొనలేదు. ఎందుచేతననగా ఆయన “మీరు” అనలేదు, “మనము” అనిరి. నిందలో తానును పాలు పంచుకొన్నవాని మాట చేదైనను మ్రింగుడుపడును.

గ్రీకు పండితుడు అరిస్టాటిలు ఒప్పించుటకు మూడు సాధనములను చెప్పెను: వక్త శీలము, శ్రోత మనఃస్థితి, వాక్యములోని యుక్తి. మూడింటిలో మొదటిది బలవత్తరమని ఆయనయు భావించినట్లే కనబడును. చిత్తూరు కట్టమంచిలో 1880లో జన్మించిన రామలింగారెడ్డి వాదపటిమలో సాటిలేనివారు. కేంబ్రిడ్జి విద్యార్థుల యూనియన్ సభకు ఉపాధ్యక్షులుగా ఎన్నికైన తొలి భారతీయులని ప్రసిద్ధి. చమత్కారమునకు ఆయన పెట్టినది పేరు. కాని 1930లో ఉప్పు సత్యాగ్రహమును ప్రభుత్వము అణచుచుండగా, దానికి నిరసనగా ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్ష పదవిని ఆయన విడిచిరి. ఆ రాజీనామా చేసిన పనిని ఆ చమత్కారములన్నియు కలిసినను చేయజాలవు. మన గ్రామసభలోని రైతు సయితము, తన పొలములో వరి వేసికొని ఇతరులను మానుమన్నచో, పూర్వపక్షము, ఉపనయము ఏవియు అతనిని కాపాడవు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న కలదు. ఒప్పించు విద్య కత్తివంటిది కదా. అబద్ధమును సయితము ఒప్పింపవచ్చును కదా? వచ్చును, చరిత్రలో దేశములకు దేశములే అట్లు మోసపోయినవి. మేము దీనికి సులభమైన జవాబు చెప్పలేము గాని, ఆలోచింపదగిన ఒక సంఘటనను చెప్పుదుము. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిని దివ్యజ్ఞాన సమాజమువారు జగద్గురువుగా రానున్నవాడని నమ్మి పెంచిరి. 1911లో ఆయన అధ్యక్షతన ఒక నక్షత్ర సంఘమును స్థాపించిరి. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో, అనీబిసెంటమ్మ యెదుట, మూడువేలకు పైబడిన అనుయాయుల యెదుట ఆయన లేచి ఆ సంఘమును తానే రద్దు చేసిరి. సత్యమునకు ఏర్పరచిన దారులు లేవనియు, తనకు శిష్యులు అక్కరలేదనియు చెప్పిరి. ఏమి చెప్పినను నమ్ముటకు సిద్ధముగానున్న సభ అది. అట్టి సభలో నమ్మవద్దని చెప్పుట! అటుపిమ్మట 1986 వరకు దేశదేశములలో మాటలాడుచునే యుండిరి; ప్రతి ప్రసంగములోను ఒక ప్రశ్నను ముందుంచి, దీనిని కలిసి పరిశీలింతము రమ్మనిరే కాని ఒప్పుకొనుడనలేదు. అందరికిని ఈ మార్గము సాధ్యము కాదు. గ్రామసభలో ఏదో ఒక తీర్మానము జరుగవలెను కదా. అయినను శ్రోతకు కాదనుటకు చోటు విడిచి మాటలాడువాడు, ఆ చోటును మూసివేసి మాటలాడువాడు, ఈ ఇద్దరిని వేరుపరచి చూచుట శ్రోత నేర్చుకొనవచ్చును. తొందరపెట్టుట, భయపెట్టుట, ప్రశ్నించినవానిని ద్రోహి యనుట, ఇవి రెండవవాని గుర్తులు.

కంఠము, నిలుచు తీరు, చేతుల కదలిక వీనిని గూర్చి పుస్తకములు పెక్కు వ్రాయుదురు. మాకు తోచినవి కొద్దిగా చెప్పెదము. మైకు ఉన్నప్పుడు అరువనక్కరలేదు. అరచిన మాట వెనుక వరుసలవారికి అస్పష్టముగా వినబడును. లేచిన వెంటనే మాటలాడక, ఒక్క ఊపిరి తీసికొని సభను ఒకమారు చూచుట మేలు. మొదటి రెండు వాక్యములును చివరి రెండు వాక్యములును ముందే స్థిరపరచుకొనవలెను. నడిమి భాగమును తలపోసికొన్న క్రమములో అప్పటి మాటలతో చెప్పవచ్చును. కాగితము చూచి చదివినచో కన్నులు సభను విడిచిపోవును. కన్నులు విడిచిపోయినచోట భాగవతారు అయినను ఓడిపోవును. వేదికమీది పెద్దలందరి పేర్లను బిరుదములతో వరుసగా ఉచ్చరించుట మన సభలకు పట్టిన జాడ్యము. అప్పటికే ఎండ యెక్కి, పిల్లలు ఏడ్చుచు, సగము సభ లేచిపోవును. వక్తకు దొరకిన పది నిమిషములలో నాలుగు నిమిషములు అట్లు వ్యర్థమైనచో అసలు మాట ఎప్పుడు చెప్పును? ఒక సభకు ఒక మాట చాలును. మూడు సంగతులు చెప్పదలచినచో రెండు ఇంటివద్ద విడిచి రావలెను.

రేడియో శ్రోతలైన మన పాఠకులకు మరియొక భేదము తెలిసియే యుండును. సభలో వేయిమంది యున్నచో ఒకరినొకరు చూచి నవ్వుదురు, ఒకరినొకరు చూచి చప్పట్లు కొట్టుదురు. రేడియోకు వేయి ఇండ్లున్నను ప్రతి ఇంటను శ్రోత ఒక్కడే. పొయ్యి దగ్గర నున్న తల్లియో, మంచముమీది తాతగారో. మీట వారి చేతిలోనున్నది. వేదికమీద గర్జించు వక్త రేడియో ముందు కూర్చున్నచో ఇంటిలోనికి వచ్చి అరచినట్లుండును. 1933 మార్చి 12న అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు రేడియోలో చేసిన ప్రసంగము ఇందులకు మేలుబంతి. అప్పుడు ఆ దేశములో జనము భయపడి సొమ్ము తీసివేయగా బ్యాంకులన్నియు మూతపడియుండెను. ఆయన ధైర్యవచనములతో సరిపుచ్చక, మీరు బ్యాంకులో వేసిన డబ్బును బ్యాంకు ఏమి చేయును, అందరును ఒకేమారు వచ్చి అడిగినచో ఎందులకు ఈయలేదు అను సంగతిని పొరుగింటివానికి చెప్పినట్లు విడమరచి చెప్పిరి. మరునాడు బ్యాంకులు తెరువగానే జనము వరుసలు కట్టి సొమ్మును తిరిగి వేసిరి. భయమునకు కారణము తెలిసినవానికి భయము సగము తగ్గును. గ్రామసభలో మాటలాడువారును ఈ పాఠమును నేర్చుకొనదగును: వేయిమందితో మాటలాడునప్పుడు సయితము మూడవ వరుసలో కూర్చున్న ఒక్క మనిషితో మాటలాడుచున్నట్లు తలంపవలెను.

ఉపన్యాసము ముగిసిన పిదప ప్రశ్నలు వచ్చును. అనుభవము లేని వక్త ఇదే అసలు ఘట్టమని యెరుగక, చప్పట్లు ఆగకముందే కూర్చుండి నీళ్లు త్రాగును. మొదటి ప్రశ్న తరచుగా వంకరగా వచ్చును: “ఇంత చెప్పినావు గదా, పోయిన ఏడు నీ తమ్ముడు బోరు వెయ్యలేదా?” ఉడికిపోరాదు. ప్రశ్నను మరల తన మాటలలో చెప్పి, నిజమైనంతవరకు ఒప్పుకొని, అప్పుడు జవాబీయవలెను. తెలియనిదానిని తెలియదనుట వలన వక్త గౌరవము తగ్గదు; తెలిసినట్లు చెప్పి పట్టుబడినచో ఇంతకుముందు చెప్పినదంతయు నీరుగారును. ప్రశ్నల వేడి తగ్గినతోడనే వచ్చినవారిచేత చేయింపదగిన ఒక చిన్న పనిని పేర్కొనవలెను. పెద్ద ప్రతిజ్ఞలు వద్దు. ఈ పక్షమున ఊరిలోని అయిదు బోర్లలో నీటిమట్టము కొలువవలెను. ఎవరెవరి బోర్లు, ఎవరు కొలుతురు, అంకెలు ఏ గోడమీద వ్రాయుదురు, కొలత టేపు ఎవరి యింట నుండును అనునవి జనము లేవకముందే ఆ సభలోనే పేర్లతో తేల్చుకొనవలెను.